కికూయు నవలయుఁ దెనుఁగు సీమయు

నవీనాఫ్రికా వాఙ్మయము పరాధిపత్యమునకుఁ బ్రత్యుత్తరముగాఁ బుట్టినది. నైజీరియాదేశీయుఁడగు చినువా అచెబె 1958లోఁ బ్రకటించిన నవలలో ఇగ్బోగ్రామవ్యవస్థ మతప్రచారకుల రాకచేతను శ్వేతప్రభుత్వముచేతను విచ్ఛిన్నమైన తెఱఁగు వర్ణితము. అతఁడాంగ్లమును స్వజాతి నుడికారమునకు లొంగఁదీసెను. కెన్యాదేశీయుఁడగు గూగి వా థియాంగొ (1938–2025) తొలుత నట్లే వ్రాసి, పిదప వేఱుత్రోవఁ ద్రొక్కెను.

1977లోఁ గమిరీథు గ్రామమునఁ గర్షకులును శ్రామికులును నటించుటకై గూగి వా మిరీతోఁ గూడి యతఁడు కికూయుభాషలో నాటకమును రచించెను. ప్రభుత్వము ప్రదర్శనమును నిలిపివేసి, ఆ యేఁటి డిసెంబరు 31న రచయితను నిర్బంధించెను. ఆ వత్సరముననే వెలువడిన యతని యాంగ్లనవలలోను బాలకులపైఁ దీవ్రవిమర్శ కలదు, దానిని సహించిరి. హేతువు స్పష్టము: నవలను విద్యావంతులు కొందఱు చదువుదురు, నాటకము నూరెల్ల వినును.

కమితి చెఱసాలలో శౌచాలయపుఁ గాగితములపై నతఁడు కికూయునందే వ్రాసిన నవల 1980లోఁ బ్రకటితమయ్యెను. అందు దొంగలు విదేశధనికుల యెదుటఁ దమ చౌర్యకౌశలమును బోటీపడి పొగడుకొందురు. యజమాని కోర్కెకు లొంగక కొలువు పోఁగొట్టుకొన్న వరీంగ యను యువతి యంత్రశిల్పము నేర్చి స్వతంత్రయగును.

వైయాకరణుల కిచట నొక విశేషము. తెనుఁగున బహువచనప్రత్యయము శబ్దాంతమునఁ జేరును. కికూయున వచనబోధకము శబ్దాదినే నిలుచును. ఒక్కఁడు ముగికూయు, పలువురు అగికూయు. ఇట్టి భాష నవీనార్థప్రతిపాదనమునకుఁ జాలదనువారికి నవలయే సమాధానము.

రచయితయే చేసిన యాంగ్లానువాదము (1982) నాధారముగాఁ గొని, 1980 దశకమునఁ జెఱసాలయందుండిన వరవరరావు దానిని దెనిఁగించెను. అది ‘మట్టికాళ్ల మహారాక్షసి’. చెఱలోఁ బుట్టిన గ్రంథము చెఱలోనే భాషాంతరమందినది.

సింగరేణి సీమకు నీ విషయము దూరము కాదు. 1871లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గు కనుఁగొనఁబడెను. 1886లో నింగ్లాండున నేర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ తవ్వకపు హక్కును బొందెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ వెలసెను. గోదావరిఖని గనులకును, జ్యోతినగరపు విద్యుత్కేంద్రమునకును బల్లెలనుండి జనులు వచ్చి చేరిరి. అల్లం రాజయ్య మొదలగువారు రైతుల, గనిపనివారల బ్రదుకులను ఆ సీమ పలుకుబడిలోఁ గథలుగా వ్రాసిరి.

భేదమును గలదు. కెన్యాలో సారవంతమగు భూమి శ్వేతుల పాలయ్యెను. సింగరేణి గను లిప్పుడు ప్రభుత్వముల సొత్తు. కావున సామ్యము స్వామిత్వమునఁ గాదు, భాషయందు. శబ్దసాధుత్వమును విచారించు పండితులు దానితోఁబాటు శ్రోతనుగూడ విచారింపవలయును. వాక్యము సాధువగుట యొక గుణము. ఎవని కష్టమును జెప్పుచున్నదో వానికిఁ దెలియుట దానికంటెఁ దక్కువ గుణము కాదు.