తుపాకి

తుర్కీ భాషలోని ‘తుఫెక్’తో చుట్టరికమున్న ‘తుపాకి’ పారశీక, హిందూస్తానీల మీదుగా తెలుగులోకి వచ్చిన మాట. ఒకనాడు వత్సవాయి ప్రభువుల సంస్థానానికి రాజధానిగా వెలిగిన పెద్దాపురంలో నేడు ఎవరికైనా సాధారణ తుపాకి కావాలంటే కాకినాడ జిల్లా కలెక్టరు, మేజిస్ట్రేటు హోదాలో ఇచ్చే లైసెన్సు ఉండాలి. అయితే వాడుకలోని తుపాకి కంటే చట్టంలోని తుపాకి చాలా పెద్దది: 1959 నాటి ఆయుధాల చట్టం రెండవ సెక్షను పేల్చే ఆయుధాన్నే గాక దాని విడిభాగాలను, పేలుడు చప్పుడునో మెరుపునో తగ్గించే ఉపకరణాన్ని, అంటే జనం సైలెన్సర్ అనేదాన్ని, అదే నిర్వచనంలో చేర్చినందువల్ల, గొట్టానికి బిగించకుండా విడిగా ఉంచుకున్నా అది ఆయుధమే అవుతుంది. గొట్టాన్ని కోసి పొట్టి చేయడాన్నీ, బొమ్మ తుపాకిని నిజమైనదిగా మార్చడాన్నీ ప్రత్యేక లైసెన్సు లేకుండా ఆరవ సెక్షను నిషేధిస్తుంది. 2019 సవరణ తర్వాత ఈ నేరానికి ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష పడవచ్చు. కొయ్య తుపాకి భుజాన వేసుకొని కోతలు కోసే పిట్టలదొరకు మాత్రం, దాన్ని కొయ్యగానే ఉంచినంతకాలం, ఈ సెక్షనుతో పేచీ లేదు.