ఆచార్య సూరి భగవంతం

తెలుగుగడ్డపై పుట్టి పరప్రాంతమున పేరు గడించిన పెద్దలను ఉగాదినాడు తలచుకొనుట మనకు తగిన పని. ఈ సంచికకు ఆచార్య సూరి భగవంతం గారిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

వారు 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించినారు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా వెళ్ళి సర్ సి.వి. రామన్ గారి శిష్యులైనారు. పదార్థముపై పడి చెదరిన వెలుగులో కొంత రంగు మారి వచ్చునని రామన్ గారు కనుగొన్నది ఆ యేడే. ఆ మార్పును బట్టి లోపలి అణువుల కదలిక తెలియును.

1932లో భగవంతం గారు వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరి, ముప్పదియేండ్లు నిండకమునుపే ఆచార్యులైనారు. అచ్చట టి. వెంకటరాయుడు గారితో కలిసి సమూహ సిద్ధాంతముపై వ్రాసిన గ్రంథము 1948లో వెలువడినది. దాని మూలసూత్రము మన ముంగిట ముగ్గులోనే ఉన్నది. నాలుగు ప్రక్కల ఒకే తీరుగా ఉన్న ముగ్గును పావువంతు త్రిప్పి చూచినను తేడా కనబడదు. స్ఫటికములో అణువుల పొందికయు ఇట్టిదే. ఆ పొందికను బట్టి రామన్ వర్ణపటములో ఎన్ని గీతలు రావచ్చునో ప్రయోగమునకు ముందే లెక్కకట్టవచ్చును.

1952లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరై, 1957 వరకు నడిపినారు. ఆ యేడే బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుకు డైరెక్టరుగా వచ్చినారు. మన మారికుప్పములో రైలెక్కి, బంగారుపేట మీదుగా నిత్యము పనికి పోవు ఊరే బెంగుళూరు. 1933 నుండి 1937 వరకు రామన్ గారు కూర్చున్న పీఠమది. శిష్యుడు దానినెక్కగా గురువు అదే నగరమున ఉండి చూచినారు. పిమ్మట భగవంతం గారు 1961 నుండి 1969 వరకు రక్షణమంత్రికి విజ్ఞాన సలహాదారుగా పనిచేసి, 1989లో పరమపదించినారు.

సోదరులారా! కోలారు బంగారు గనులు 2001లో మూతపడినవి. తండ్రి పని కొడుకునకు దక్కు కాలము పోయినది. నావంటి మెట్రిక్ చదువుతో గుమాస్తా పని దొరకుటయు ఇప్పుడు కష్టమే. కురుడుమలె వినాయకునికి మ్రొక్కి పిల్లలను బడిలో వేయుచున్నాము. పదవ తరగతి కాగానే "ఇక చాలు, ఏదో పనిలో పడనీ" యని మాన్పించుచున్నాము. మ్రొక్కు నిలుపుకొందము. ఆడపిల్లయైనను మగపిల్లవాడైనను, లెక్కలలో చురుకుగలవారిని మరి నాలుగేండ్లు చదివింతము. ఆగిరిపల్లియు మన ఊళ్ళవంటి ఊరే.

ఎల్లరకు ఉగాది శుభాకాంక్షలు.