బొమ్మ అప్పటిదే, శబ్దమూ వేగమూ ఎప్పటివి? విపత్తు డాక్యుమెంటరీల ప్రామాణికతపై ఒక పరిశీలన

విపత్తు జరుగుతుండగా తీసిన పాత రీళ్లను తిరుగులేని సాక్ష్యంగా చూడటం మనకు అలవాటు. వాటిలోని బొమ్మ నిజమైనదే. దానికి జతపడిన శబ్దం, అది కదిలే వేగం మాత్రం చాలాసార్లు తర్వాత వచ్చి చేరినవి. చూసేవాణ్ణి నమ్మించేవి ఎక్కువగా అవే. అందువల్ల ఇలాంటి డాక్యుమెంటరీని ఒకే ఆధారంగా లెక్కించకుండా బొమ్మ, శబ్దం, వేగం మూడింటి పుట్టుపూర్వోత్తరాలనూ విడివిడిగా విచారించాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

1937 మే 6 సాయంత్రం న్యూజెర్సీలోని లేక్‌హర్స్ట్‌లో దిగబోతూ జర్మన్ ఎయిర్‌షిప్ హిండెన్‌బర్గ్ కాలిపోయింది. అందులోని 97 మందిలో 35 మంది, నేల మీద పనిలో ఉన్న మరొకరు చనిపోయారు. పాథే, మూవీటోన్, పారమౌంట్, హర్స్ట్ న్యూస్‌రీల్ కెమెరాలు అక్కడే ఉన్నా తొలి మంట ఏ ఒక్కదానికీ చిక్కలేదు. కారణం వెతికేవారికి అన్నిటికన్నా అవసరమైన క్షణమే రీలులో లేదన్నమాట. ఇక ఆ మంటల మీద ఇప్పుడు మనం వినే రేడియో వ్యాఖ్యాత హెర్బర్ట్ మోరిసన్ ఏడుపు గొంతుకు ఆ కెమెరాలతో సంబంధమే లేదు. షికాగో రేడియో స్టేషన్ డబ్ల్యు.ఎల్.ఎస్. కోసం ఇంజనీర్ చార్లీ నెల్సెన్ డిస్కు మీద చేసిన రికార్డింగు అది. పేలుడు అదురుకు సూది గాడి తప్పింది. ఆయనే దాన్ని సరిచేశాడు. చాలామంది అనుకున్నట్టు అది ప్రత్యక్ష ప్రసారమూ కాదు, మర్నాడు వినిపించారు. బొమ్మనూ గొంతునూ కలిపింది తర్వాతి డాక్యుమెంటరీలు. పైగా రికార్డింగు యంత్రం కాస్త నెమ్మదిగా తిరగడంతో, మామూలు వేగంతో వేసినప్పుడు ఆ గొంతు అసలుకన్నా సన్నగా, ఆదరాబాదరాగా వినబడుతుందని శబ్ద చరిత్రకారుడు మైఖేల్ బీల్ చూపించాడు. మన గుండె పట్టేసే ఆ కీచుదనంలో యంత్రానికీ వాటా ఉంది.

గొంతు అతికించినంత మాత్రాన ఎయిర్‌షిప్ కాలలేదా, మనుషులు పోలేదా అని ఎవరైనా అడగవచ్చు. మోరిసన్ అక్కడే నిలబడి చూసినవాడు కనుక కలపడంలో తప్పేముందనీ అనవచ్చు. జరిగిందని రుజువు చేయడానికైతే బొమ్మ ఒక్కటే చాలు. ఎలా జరిగిందని అడిగినప్పుడే చిక్కు. ఉదాహరణకు, 1940 నవంబర్ 7న వాషింగ్టన్ రాష్ట్రంలో టకోమా నారోస్ వంతెన గాలికి మెలితిరిగి కూలిన దృశ్యాన్ని కెమెరా దుకాణం నడిపే బార్నీ ఎలియట్ 16 మి.మీ. ఫిల్ముపై తీశాడు. తరతరాల భౌతికశాస్త్ర విద్యార్థులు చూసినది అదే. సెకనుకు 16 ఫ్రేములతో తీసిన భాగాన్ని తర్వాతి ప్రతులు 24 ఫ్రేముల వేగంతో నడిపాయి. ఆనాడు వంతెన దగ్గర ఉన్నవారు లెక్కపెట్టింది నిమిషానికి 12 మెలికలు; వీడియోలో కనబడేవి 18. ఈ తేడాను 2015లో ఫిజిక్స్ టుడే పత్రికలో వచ్చిన వ్యాసం బయటపెట్టింది. వీడియో చూసి కంపనాన్ని లెక్కగట్టినవారికి ఒకటిన్నర రెట్ల తప్పుడు సంఖ్య దక్కిందన్నమాట. అబద్ధమాడాలని ఇక్కడ ఎవరూ అనుకోలేదు, అయినా ఆధారం చెడింది.

కాబట్టి ఆర్కైవులు ఇలాంటి ప్రతి చిత్రం వివరపత్రంలోనూ చిత్రీకరణ వేగం, శబ్దం ఎక్కడిది అన్న రెండు గడులు తప్పనిసరి చేయాలి. డాక్యుమెంటరీ తీసేవారు ఆ వివరాలను టైటిళ్లలోనే చెప్పాలి.