ఎముకలో చిలక్కొయ్య

హైదరాబాద్ పాతబస్తీలో చెయ్యి మెలికపడితే ఇంట్లోవాళ్లు ముందు తీసుకెళ్లేది పహిల్వాన్ దగ్గరికే. తాలీంఖానాల్లో కుస్తీ పట్టిన చేతులే తప్పిన కీలు సరిచేయడం, విరిగిన ఎముకకు పట్టీ వేయడం నేర్చాయి. అటు చిత్తూరు వైపు వెళితే అదే పని పుత్తూరు కట్టు చేస్తుంది: ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు, గుడ్డ. చదువుకున్నవాళ్లు నవ్వుతారు గానీ ఈ కట్ల వెనక ఒక నిజం ఉంది. విరిగిన ఎముకను సరైన తీరున కదలకుండా ఉంచితే దానంతటదే అతుక్కుంటుంది. మరీ బిగించి కడితే రక్తం ఆడక వేళ్లు చచ్చుబడతాయన్నదీ అంతే నిజం.

ఏ కట్టుకూ లొంగనిది ఒకటుంది: ఎముక నుంచి ఊడిన నరం. రక్తనాళమైనా, నాడి అయినా, కండరాన్ని ఎముకకు కట్టే తాడైనా మనకు అన్నీ నరాలే. ఈ చివరిదాన్ని డాక్టర్లు టెండన్ అంటారు. భుజంలో అలాంటివి నాలుగు కలిసి, చేతి ఎముక గుండ్రటి తలను గిన్నెలోంచి జారకుండా పట్టుకుంటాయి. దాని పేరు రొటేటర్ కఫ్. ఉస్మాన్‌గంజ్‌లో బస్తా ఎత్తే హమాలీకైనా, రంజాన్ నెలలో దేగ్ ముందు నిలబడి హలీం దంచేవాడికైనా చెయ్యి తలపైకి సాఫీగా లేచేది దాని పుణ్యానే. అది ఊడిందంటే కండరం దాన్ని రబ్బరులా లోపలికి లాక్కుంటుంది. పైనుంచి ఎంత కట్టినా వెనక్కి రాదు. లోపలికి వెళ్లి, పట్టి తెచ్చి, ఎముకకు బిగించాలి.

లోపలికి వెళ్లాలంటే ముందు మనిషి నిద్రపోవాలి. ఆ కథలో మన ఊరికీ వాటా ఉంది. క్లోరోఫాం ప్రాణం తీసేది గుండె ఆపా, ఊపిరి ఆపా అని తేల్చడానికి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888లో ఇక్కడ ఒక కమిషన్ నడిపాడు. మరుసటి ఏడు రెండోది. దానికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌన్లిచ్చి లండన్ నుంచి డాక్టర్ లాడర్ బ్రంటన్‌ను రప్పించాడు. ఊపిరిని కనిపెట్టుకుంటే చాలు, గుండెకు భయం లేదన్నారు. ఆ మాట తర్వాత నిలవలేదు.

ఇక ఊడిన టెండన్‌ను కుట్టిన కథకు గుర్తు మన ఊరి వరదే. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిని ముంచేసింది. ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభై మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత అక్కడే ఉస్మానియా ఆస్పత్రి లేచింది. వరద వచ్చిన మరుసటి ఏడాదే, 1909లో, అమెరికాలోని బోస్టన్‌లో అమోరీ కాడ్‌మన్ అనే సర్జన్ ఊడిన భుజం టెండన్‌ను కుట్టి, 1911లో ఆ సంగతి ప్రచురించాడు. ఈయన అదో రకం మనిషి. ఆపరేషన్ చేసిన ప్రతి రోగినీ ఏడాది తర్వాత మళ్లీ పిలిచి చూడాలి, ఫలితం మంచిదైనా చెడ్డదైనా అచ్చు వేయాలి అని పట్టుబట్టి తోటి డాక్టర్లందరికీ చేదయ్యాడు. 1940లో పోయాడు. సమాధికి రాయి పడింది 2014లో.

కాడ్‌మన్ తర్వాత డెబ్బై ఏళ్ల పాటు ముఖ్యమైన దారి ఒకటే: ఎముకకు బెజ్జాలు పొడిచి, దారం ఇటు దూర్చి అటు తీసి, ముడి వేయడం. నులక మంచం పట్టెకు తాడు బిగించినట్టన్నమాట. పని గట్టిదే, కానీ అటువైపు సూది తీయడానికి చోటు కావాలి, కోత పెద్దది కావాలి. మాటిమాటికీ జారే భుజానికి లండన్ సర్జన్ బ్యాంకార్ట్ 1923లో చెప్పిన ఆపరేషన్‌లోనైతే, లోతున ఉన్న గిన్నె అంచుకే బెజ్జాలు వేయాలి. అది చెయ్యి తిరిగినవాళ్లకు కూడా చెమటలు పట్టించే పని.

1980లలో ఈ చిక్కు విడిపోయింది. అటువైపు తీయడమెందుకు, గోడకు చిలక్కొయ్య కొట్టి దానికే దారం కడితే పోలేదా అన్నారు. అదే సూచర్ యాంకర్. మైటెక్ కంపెనీ తెచ్చిన తొలి రకాల్లో టైటానియం మొలకు నిటినాల్ తీగ రెక్కలుండేవి. నికెల్, టైటానియం కలిపిన ఈ లోహం అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో పుట్టింది. వంచి వదిలితే తన రూపానికి తానే తిరిగి వస్తుంది. బెజ్జంలో దూరేటప్పుడు రెక్కలు ముడుచుకుంటాయి, లోపల విచ్చుకుంటాయి. గాలం ముల్లులాగే, వెళ్లడం తేలిక, రావడం కష్టం. మరలున్న యాంకర్లూ వచ్చాయి. కీలులోకి కెమెరా గొట్టం దూర్చి, చిన్న కన్నాల గుండా పని ముగించడానికి ఇవే దారి తీశాయి.

కొయ్యను ఏ వాలులో దించాలి? టెక్సాస్ సర్జన్ స్టీఫెన్ బర్ఖార్ట్‌కు ఈ జవాబు పొలం కంచె దగ్గర దొరికింది. మూల గుంజ పడిపోకుండా దాని తీగను నేలలో పాతిన బండకు ఏటవాలుగా బిగిస్తారు. 1995లో ఆయన అదే లెక్కను భుజానికి వేసి, 45 డిగ్రీలకు మించొద్దన్నాడు. తర్వాతి పరీక్షలు కొన్ని దాన్ని కాదన్నాయి. తగవు ఎలా ఉన్నా, గుడారం మేకు కొట్టిన ఎవరికైనా ఆ ఆలోచన ఇట్టే అర్థమవుతుంది.

ఇక మిగిలింది సరుకు పేచీ. లోహం ఊడి కీలులో పడితే మృదులాస్థిని గీరేస్తుంది, ఎంఆర్ఐ బొమ్మను చెడగొడుతుంది. సరే, కరిగిపోయే ప్లాస్టిక్‌తో చేశారు. కొందరిలో అది కరిగిన చోట ఎముకకే గుంత పడింది. కరగని పీక్ ప్లాస్టిక్ వచ్చింది, ఎముకలో ఉండే కాల్షియం ఫాస్ఫేటు కలిపిన రకమూ వచ్చింది. ఈలోగా దారాలు ఎంత గట్టిపడ్డాయంటే, ముసలి ఎముకలో కొయ్య పెళ్లగిలినా, దారం టెండన్‌ను కోసుకుని బయటికొచ్చినా దారం మాత్రం తెగదు. బోలు గోడకు ఎంత ఖరీదైన మేకు కొడితే మాత్రం ఏం లాభం?

యాంకర్ మోయాల్సింది కొన్ని నెలల బరువే. ఈలోగా టెండన్ మచ్చకట్టి ఎముకను పట్టుకోవాలి, పుట్టుకతో వచ్చిన అతుకు మాత్రం మళ్లీ రాదు. అందుకే ఇంత చేసిన సర్జన్ కూడా ఆఖర్న చేతిని గుడ్డజోలెలో వేసి, నెల పైన కదపొద్దంటాడు.

ఇప్పుడు కొన్నింటిలో కొయ్య కూడా లేదు. 1.4 మిల్లీమీటర్ల బెజ్జంలోకి మెత్తటి దారపు గొట్టం దూర్చి లాగితే, అదే లోపల ఉండకట్టి నిలుస్తుంది. ఎక్స్‌రేలో ఏమీ కనపడదు. బిల్లు కట్టిన కొడుకు ఫిల్మును ట్యూబులైటుకు ఎత్తిపట్టి, నాన్న భుజంలో వేసిందేదో ఎంతసేపు వెతికినా దొరకదు.