పురుగులైన అన్నము

బాల్యమున నేను వినిన కథలలో నన్ను మిక్కిలి భయపెట్టినది రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయనివారి భోజనపు కథ. 2022 లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతమువారి కిది క్రొత్త గాదు. దోపిళ్ళు చేయుచున్నారని చెంచులపై నాయనివారు కినిసిరట, విందునకు పిలిపించిరట, నమ్మి వచ్చినవారి తలలు నరికించిరట. నాటినుండియు ఆయన విస్తరి ముందు కూర్చున్నప్పుడెల్ల వడ్డించిన అన్నము పురుగులై కనబడెడిదట. ఆ బాధకు తాళలేక చింతపల్లి విడిచి అమరావతి చేరి, అమరేశ్వరుని సేవలో శేషజీవితమును గడపిరని చెప్పుదురు.

ఇటీవల ఈ కథను భయానకముగా మలచి వ్రాసిన పుస్తక మొకటి నా చేత బడినది. చీకటి గదులు, గబ్బిలములు, అర్ధరాత్రమున తమంతట మూసికొను తలుపులు, దేనికిని కొరత లేదు. రచయితకు నేర్పు కలదు. విస్తరిపై పురుగులు కదలు ఘట్టము చదివిన రాత్రి నాకును అన్నము సహింపలేదు. అయినను పుస్తకము మూసిన పిదప మనస్సున నేదో వెలితి మిగిలినది. నేడు మీతో ముచ్చటింపదలచినది ఆ వెలితిని గూర్చియే.

ఇట్టి కథలకు ఐరోపాలో తొలిత్రోవ చూపినవాడు హొరేస్ వాల్పోల్ అను నాంగ్లేయుడు. ఆయన 1764 లో ప్రకటించిన 'ఒట్రాంటో కోట'లో, తాత విషము పెట్టి చేసిన హత్య మనుమని కాలమున బయటపడును, కోటగోడలు కూలును. అప్పటికి మన నాయనివారు పసిబాలుడు. వాల్పోలు తన కోటను కల్పించుకొనవలసి వచ్చెను. మన రచయిత కా శ్రమ లేదు. కోటయు, విందును, హత్యయు ఊరివారి నోటనే దొరకినవి.

చరిత్రను ముట్టునపుడు మాత్రము కొంత జాగ్రత్త వలయును. వాసిరెడ్డివారు నందిగామ పరగణాకు వంశపారంపర్యముగా ప్రభువులు. వేంకటాద్రినాయనివారు 1783 లో అధికారమునకు వచ్చి, 1816 లో గతించిరి. బేతవోలను పెంచి, తండ్రి జగ్గయ్యగారి పేర జగ్గయ్యపేట యనిరి. చింతపల్లిని విడుచుటకు మఱియొక కారణమును గలదు: ఈస్టిండియా కంపెనీవారితో తగవులు. 1796 ప్రాంతమున అమరావతిలో క్రొత్తపట్టణము కట్టింపసాగిరి. ఇండ్లకు రాయి కావలసి దీపాలదిన్నెను త్రవ్వగా బౌద్ధస్తూపపు శిల్పములు బయల్పడెను. 1797 లో కాలిన్ మెకంజీ వచ్చి వానిని చూచెను. రాజుగారిని ఊరు కదల్చినవి పురుగులా, కంపెనీ తగవులా అని చదువరి అడుగవచ్చును. మన రచయిత కంపెనీ ఊసే యెత్తలేదు. దయ్యముల నడుమ దొరలు ఇముడరు గాబోలు!

దాని నొక తప్పుగా నే నెంచను. కథకున కాపాటి స్వేచ్ఛ యుండవలసినదే. నా వెలితి వేఱు. పుస్తకమంతయు రాజుగారి వేదనయే. చెంచులకు దక్కినవి నాలుగైదు పుటలు. వత్తురు, కూర్చుందురు, చత్తురు. ఆ పిదప గాలిలో నిట్టూర్పులై, గోడలపై నీడలై, రాజును వేధించుటకు మాత్రమే మరల వత్తురు. చంపినవాని నిద్రలేమికి జాలిపడి కన్నీరు పెట్టించు రచన, చచ్చినవాని కొక ముఖమైన నీయలేదు.

ఈ దోషము రచయిత యొక్కనిదే యనరాదు. మన మందఱము దానికి పాలివారమే. నాయనివారు కట్టించిన మంగళగిరి గాలిగోపురమున కెన్ని అంతస్తులని అడుగుడు; 11 అని తడుముకొనక చెప్పుదురు. చెంచులెందఱు చచ్చిరని అడుగుడు. ఒకరు 150 అందురు, మఱియొకరు 600 అందురు. గోపురపు అంతస్తులను లెక్కించినంత శ్రద్ధగా ఆ తలల నెవరును లెక్కింపలేదు. అమరావతి చెంత నరుకుళ్ళపాడను గ్రామము కలదు. ఆ నరకుటచేతనే దాని కా పేరు వచ్చినదని జనులు చెప్పుకొందురు. ఆ పేరును ఆ చేసిన పనికే గాని, పోయినవారికి గాదు.

మా నాయనమ్మ ఈ కథ చెప్పునపుడు పురుగులమాట ఒక్క వాక్యముతో ముగించెడిది. విందు దగ్గఱ మాత్రము చాలసేపు నిలిచెడిది. "అన్నానికి పిలిస్తే విల్లంబులతో కూర్చుంటారుటరా? వాకిట్లోనే పెట్టి, కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళారు" అనెడిది. చెంచులను ఆమె యెన్నడును చూచియెరుగదు. అయినను చుట్టాలను గూర్చి చెప్పినట్లే చెప్పెడిది. ఒకమాఱు నేను, "తర్వాత రాజుగా రేంచేశారు?" అని తొందరపెట్టితిని. ఆమె నా ప్రశ్నకు బదులు చెప్పలేదు. "వాళ్ళ ఆడవాళ్ళు ఎంతసేపు చూశారో పాపం! విందుకెళ్ళిన వాళ్ళేగా, ఆలస్య మవుతుందిలే అనుకుని ఉంటారు" అని, నన్ను అన్నము తినుమనెను.

ఆ రాత్రి నా కంచములో నాకు పురుగు లగపడలేదు. పొద్దు గ్రుంకినను అడవియంచున నిలిచి, పిల్లలను చంకనెత్తుకొని, కృష్ణవైపు త్రోవ చూచుచున్న ఆడువారు అగపడిరి.