కిక్రి వింటే పెద్దల కళ్లెందుకు చెమరుస్తాయి?

మన గోండుల చరిత్ర చాలాకాలం పుస్తకాల్లో లేదు, పర్ధాన్ల గొంతులో ఉంది. మూడు తీగల కిక్రి వాయిస్తూ వాళ్లు పెర్సాపేన్ కథలు పాడారు. కేస్లాపూర్‌లో మెస్రం వంశీయులు నాగోబాను కొలిచేటప్పుడు పర్ధానే కావాలి, ఇంట్లో మనిషి పోయినా పర్ధానే రావాలి. అందుకే ఆ రాగంలో మన పెద్దలకు దేవుడితో పాటు పోయిన తల్లీతండ్రీ కూడా వినిపిస్తారు. మనసు కదిలింది కాబట్టే కథ నిలిచింది. లేకుంటే రాత లేకుండా ఇన్ని తరాలు ఎవరు మోసేవారు?

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక హైమన్‌డార్ఫ్ వచ్చి మన కథలు కొన్ని రాసుకున్నాడు. 1948లో వచ్చిన ఆయన పుస్తకం మనకు మేలే చేసింది. కానీ కాగితం మీద రాగం ఉండదు కదా! పెళ్లికి డీజే మాట్లాడుకునే మనలో, పర్ధాన్ తాత పక్కన తెల్లవార్లూ కూర్చుని కథంతా విన్నవాళ్లం ఎందరం?