నౌపడ–గుణుపురం చిన్న రైలు: నమూనాల తయారీకి కావలసిన వివరాలు

కంచిలి: హౌరా–మద్రాసు ప్రధాన మార్గంలో ఇచ్ఛాపురం, సోంపేట, పలాస స్టేషన్లు దాటి దక్షిణంగా వెళ్లే ప్రయాణికులకు నౌపడ జంక్షన్ నేడు మామూలు స్టేషనుగానే కనిపిస్తుంది. 2004 వరకు పరిస్థితి వేరు. పెద్ద రైలు దిగినవారు అక్కడ చిన్న రైలు ఎక్కి టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి, ఆపైన గుణుపురానికి చేరుకునేవారు. ఆ ఏడాది జూన్ 9న చివరి నారోగేజి రైలు నడిచింది. గేజి మార్పిడి అనంతరం 2010 ఆగస్టులో పర్లాకిమిడి వరకు, 2011 జులైలో గుణుపురం వరకు బ్రాడ్‌గేజి రైళ్లు ప్రారంభమయ్యాయి.

ప్రయాణ సౌకర్యం పెరిగిన మాట వాస్తవమే. అయితే శతాబ్దానికి పైగా ఈ ప్రాంత ప్రజలను, సరకులను మోసిన ఇంజన్లు, పెట్టెలు, వ్యాగన్లు ఏ కొలతలతో, ఏ రంగుతో, ఏ అమరికతో ఉండేవో చెప్పగలవారి సంఖ్య ఏటేటా తగ్గుతోంది. చివరి రైలు నాడు ఇరవై ఏళ్ల వయసున్నవారు నేడు నలభై దాటారు. ఆవిరి ఇంజన్లలో బొగ్గు వేసినవారు వృద్ధులయ్యారు. కొలతకు తగిన చిన్న నమూనా చేయడం పిల్లల ఆటగా పలువురు భావిస్తారు. నిజానికి పోయిన బండిని తిరిగి తెలుసుకోవడానికి అంతకు మించిన పద్ధతి లేదు. వ్యాసంలో దాటవేయగల వివరాన్ని నమూనాలో దాటవేయడం కుదరదు. తలుపు ఎటు తెరుచుకునేదో తెలియకపోతే తలుపు అమర్చలేరు.

రాజావారి రైలు

పర్లాకిమిడి పాలకుడు గౌరచంద్ర గజపతి తన రాజధానిని ప్రధాన మార్గంతో కలపదలచి ఈ లైనును తలపెట్టారు. 1898లో అనుమతి లభించింది. సుమారు 7 లక్షల రూపాయల వ్యయంతో, 25 మైళ్ల పొడవున, 2 అడుగుల 6 అంగుళాల (762 మిల్లీమీటర్ల) గేజితో నిర్మించిన పర్లాకిమిడి లైట్ రైల్వే 1900 ఏప్రిల్ 1న ప్రారంభమైంది. తొలి ఏళ్లలో నష్టాలే మిగిలాయి. 1910 తర్వాత స్వల్ప లాభాలు కనిపించాయి. 1924–25 తర్వాత ఆదాయం పెరగడంతో 1929, 1931 సంవత్సరాలలో రెండు దశలుగా గుణుపురం వరకు పొడిగించారు. దాంతో మార్గం పొడవు సుమారు 90 కిలోమీటర్లకు చేరింది.

బ్రాడ్‌గేజి వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. ఈ లైను అందులో సగం కూడా లేదు. ఒక గేజి వ్యాగను రెండో గేజి మీద నడవదు కనుక నౌపడలో సరకునంతా మనుషులే ఒక బండి నుంచి మరో బండికి మార్చవలసి వచ్చేది. నౌపడ ఉప్పు పేరెన్నికగన్నది. నమూనా చేయదలచినవారు ఒక్క దృశ్యమే ఎంచుకోవలసివస్తే ఈ సరకు మార్పిడిని ఎంచుకోవడం మేలు. పెద్ద వ్యాగను, చిన్న వ్యాగను పక్కపక్కన నిలిచినప్పుడు ఈ రైల్వే ఎంత చిన్నదో వేరే వివరణ అక్కరలేకుండా తెలుస్తుంది.

కాగితాలు ఎక్కడ వెతకాలి?

ఈ లైను వివరాలు ఒకచోట దొరకకపోవడానికి పాలనాపరమైన మార్పులే కారణం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం కావడానికి ముందు నౌపడ, టెక్కలి, పర్లాకిమిడి మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలోనే ఉండేవి. ఆనాడు పర్లాకిమిడి ఒరిస్సాకు వెళ్లగా టెక్కలి ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో చేరింది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. రైలు మాత్రం ఈ సరిహద్దును పట్టించుకోకుండా అటూ ఇటూ తిరిగింది. అందువలన పరిశోధకుడు చెన్నై, భువనేశ్వర్, కోల్‌కతా మూడింటినీ దృష్టిలో ఉంచుకోవాలి. రైల్వే బోర్డు వార్షిక నివేదికలలో ఒక్కొక్క లైనుకు ఎన్ని ఇంజన్లు, ఎన్ని వాహనాలు ఉన్నాయో పట్టికలు ఉంటాయి. సంఖ్య తెలిస్తే సగం పని అయినట్లే.

కాగితాల కన్నా ఇళ్లలోని ఫొటోలు ఎక్కువ చెప్పవచ్చు. పెళ్లి బృందాలు, బదిలీపై వెళ్లే ఉద్యోగులు స్టేషనులో నిలబడి దిగిన చిత్రాలలో వెనుక నిలిచిన పెట్టెను ఎవరూ పట్టించుకోరు. నమూనాకారునికి కావలసింది అదే. మార్గం పొడవునా నివసించే విశ్రాంత రైల్వే ఉద్యోగులను కలిసినప్పుడు “రైలు ఎలా ఉండేది?” అని అడిగితే ప్రయోజనం తక్కువ. మెట్లెన్ని, కిటికీకి చెక్క పలకలా ఇనుప చువ్వలా, దీపం ఎక్కడ తగిలించేవారు, బ్రేకు చక్రం ఏ వైపు ఉండేది అని విడివిడిగా అడగాలి. చేతులతో చూపించమంటే జ్ఞాపకం మరింత తేటగా వస్తుంది.

ఫొటో నుంచి కొలత

డ్రాయింగు దొరకనప్పుడు గేజియే కొలబద్ద. పెట్టెను ఎదురుగా తీసిన ఫొటోలో, ఆ పెట్టె ముఖం కిందనే ఉన్న పట్టాల మధ్య దూరం 3 సెంటీమీటర్లు, పెట్టె వెడల్పు 9 సెంటీమీటర్లు అనుకుందాం. పట్టాల దూరం 762 మిల్లీమీటర్లని తెలుసు కనుక పెట్టె వెడల్పు దానికి మూడు రెట్లు, అంటే 2,286 మిల్లీమీటర్లు అవుతుంది. కెమెరాకు దగ్గరగా ఉన్న పట్టాలను కొలిస్తే లెక్క తప్పుతుంది. ఒకే పెట్టెకు రెండు మూడు ఫొటోలతో సరిచూసుకోవడం తప్పనిసరి.

ఇంజన్లకు చక్రాల అమరిక ముఖ్యం. ఈ లైను పేరుతోనే ‘పి.ఎల్.’ తరగతిగా పిలిచిన ట్యాంకు ఇంజన్ల అమరిక 0-6-4. అంటే ముందు చిన్న చక్రాలు లేవు, నడిపించే చక్రాలు ఆరు, వెనుక మోసే చక్రాలు నాలుగు. నీళ్లు, బొగ్గు ఇంజను మీదనే ఉంటాయి కనుక వెనుక టెండరు ఉండదు. తేలికపాటి పట్టాల మీద బరువు ఒకేచోట పడకుండా ఈ అమరిక పంచుతుంది. చివరి దశలో డీజిలు ఇంజన్లు వచ్చాయి. బ్రాడ్‌గేజి పెట్టెల మాదిరి ఇరువైపులా రెండు బఫర్లు కాక, నారోగేజి బండ్లకు మధ్యలో ఒకే బఫరు, కప్లింగు ఉండడం కొత్తవారు తరచు మరచిపోయే అంశం.

రంగుల విషయంలో తొందరపాటు తగదు. పాతకాలపు ఫొటో పలకలకు ఎరుపు రంగును గ్రహించే శక్తి లేదు. ఎర్రని పెట్టె అందులో నల్లగా కనిపిస్తుంది. ముందుగా కాలాన్ని నిర్ణయించుకుంటే పెట్టె మీద రాయవలసిన అక్షరాలు కూడా తేలుతాయి. రాజావారి కంపెనీ నాటి బండి వేరు, 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వే నాటి బండి వేరు. తూర్పు కోస్తా రైల్వే 2003 ఏప్రిల్ 1న పని ప్రారంభించింది కాబట్టి, దాని పాలనలో ఈ చిన్న రైలు తిరిగింది పద్నాలుగు నెలలు మాత్రమే. వేరే లైను డ్రాయింగు తీసుకొని పర్లాకిమిడి పేరు రాయడం మాత్రం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. మహారాష్ట్రలోని బార్సీ లైట్ రైల్వేది కూడా 762 మిల్లీమీటర్ల గేజియే. అయినా దాని బండ్లు దానివే.

ఎంత చిన్నదిగా చేయాలి?

నడిచే నమూనాకు 1:87 నిష్పత్తి అనుకూలం. ఆ లెక్కన 762 మిల్లీమీటర్లు సుమారు 8.8 మిల్లీమీటర్లు అవుతుంది. బజారులో దొరికే 9 మిల్లీమీటర్ల పట్టాలు దానికి దాదాపు సరిపోతాయి. మార్గమంతా అదే నిష్పత్తిలో వేయాలంటే కిలోమీటరుకు పైగా స్థలం కావాలి కనుక ఒక స్టేషను చాలు. నడవనవసరం లేని పాఠశాల నమూనాకు 1:24 మేలు. అందులో గేజి దాదాపు 32 మిల్లీమీటర్లు వస్తుంది, మెట్లు, గొళ్లేలు కంటికి కనిపిస్తాయి. పెట్టెలకు మందపాటి అట్ట, సన్నని చెక్క సరిపోతాయి. బాయిలరు, పొగగొట్టం, గోపురం వంటి గుండ్రని భాగాలకు ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర శ్రేష్ఠం. మెత్తగా ఉండి తరిణి మీద చక్కగా తిరుగుతుంది.

ఇంకా చూడదలచినవారికి నాగపూర్‌లో 2002లో ప్రారంభమైన నారోగేజి రైలు మ్యూజియం ఉంది. పుణెలో 1998లో తెరిచిన జోషి చిన్న రైళ్ల మ్యూజియంలో నడిచే నమూనాలను చూడవచ్చు. అక్కడికి వెళ్లలేనివారు ముందుగా ఒక మూత వ్యాగనుతో ప్రారంభించడం మంచిది. పూర్తయిన నమూనా అడుగున, ఏ కొలత కాగితం నుంచి వచ్చిందో, ఏది ఫొటో నుంచి లెక్కించిందో, ఏది పాత ఉద్యోగి మాట మీద వేసిందో రాసి అతికించాలి. రేపు అసలు డ్రాయింగు బయటపడితే ఏ ముక్క మార్చాలో తర్వాతివారికి తెలుస్తుంది.